ఎముక చెప్పిన నీళ్ల కథ

ఎముక అంటే ఒంట్లో ఉన్న రాయి అనుకుంటాం. కాదు, అది బతికున్న కట్టడం. రోజూ కొంత కూలుతుంది, రోజూ కొంత లేస్తుంది. తాగిన ప్రతి గుక్కనూ లెక్క రాసుకుంటుంది. ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసివచ్చిన చోట్లలో మన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం ఒకటి. అక్కడి బావినీళ్లు, అక్కడి జనం నడుములు దాదాపు తొంభై ఏళ్లుగా శాస్త్రవేత్తలకు పాఠాలు చెబుతూనే ఉన్నాయి. ఇంతకీ వాళ్లు నేర్చుకున్నదేమిటి? అది మన పిల్లలకు ఎలా పనికొస్తుంది?

ముందుగా కుంటింది ఎడ్లు!

ఒంగోలు గిత్తంటే దేశదేశాలకు తెలిసిన పేరు. ఇక్కణ్నుంచి సముద్రాలు దాటి వెళ్లిన ఈ జాతి పశువుల్ని బ్రెజిల్‌లో ఇప్పటికీ 'నెలోర్' అనే పిలుస్తారు... మన నెల్లూరు పేరుతో. అలాంటి పశుసంపద ఉన్న సీమలో, దుక్కికి కట్టిన ఎడ్లు సరిగ్గా నడవలేకపోవడం రైతుల కంటపడింది. కీళ్లు బిగుసుకుపోయేవి. కాలు తీసి కాలు వేయడమే కష్టమయ్యేది. కొన్నేళ్లు గడిచాయి. అదే నడక, అదే బిగుసుకుపోవడం ఈసారి మనుషుల్లోనూ కనిపించింది. ఎడ్లు తాగిందీ, మనుషులు తాగిందీ ఒకే నేలలోని నీళ్లు మరి!

మద్రాసు దాకా వెళ్లిన నడుంనొప్పి

అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లాల గీతలు మారుతూ వచ్చాయిగానీ, నీళ్ల రుచి మాత్రం మారలేదు.

1930లలో ఈ వింతజబ్బు సంగతి మద్రాసు వైద్యుల దృష్టికి వెళ్లింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పుడు డైరెక్టర్ లెఫ్టినెంట్ కల్నల్ హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్. సామాన్యుడు కాదు. మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని 1948లో లండన్‌లో గార్న్‌హామ్‌తో కలిసి నిరూపించింది ఈయనే. ఆయనతోపాటు వైద్యనిపుణుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, మన్నాడి నాయర్... ఈ నలుగురూ కలిసి నెల్లూరు జిల్లా రోగుల్ని పరీక్షించారు. మద్రాసులో ఎక్స్‌రే వైద్యానికి పునాది వేసిన బర్నార్డ్ ఆ జట్టులో ఉండటం పెద్ద అదృష్టం. ఎందుకంటే జబ్బు గుట్టు ఉన్నది చర్మం మీద కాదు, ఎముకల్లో!

వాళ్లు చూసిన జబ్బు తీరు ఒకేలా ఉంది. ముందు కాళ్లూ చేతుల్లో చిమచిమలు. తర్వాత నడుంలో నొప్పి. ఆ నొప్పి మెల్లగా వీపుకీ, మెడకీ పాకుతుంది. ఆపైన బిగుసుకుపోవడం. చివరికి మెడ నుంచి నడుం దాకా వెన్నంతా ఒకే ఎముక కడ్డీలా అయిపోతుంది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తంగా తిరగాల్సిందే. వెన్నుపాము నలిగితే కాళ్లు చచ్చుబడతాయి. ఇదంతా ముసలితనంలో అనుకుంటే పొరపాటు. ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో... అంటే సంసారం మోయాల్సిన వయసులో.

కారణం? బావినీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరైడ్. 1937లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో ఈ వివరాలు అచ్చయ్యాయి. ఈ నివేదికకు ఎందుకంత ప్రాముఖ్యం అంటే... ఫ్లోరైడ్ నీళ్లు పళ్లకు గార పట్టిస్తాయని అమెరికాలో 1931కే తేలింది. కోపెన్‌హాగన్‌లో క్రయొలైట్ అనే ఖనిజాన్ని పొడిచేసే కార్మికుల ఎముకలు మారిపోతున్నాయని 1932లో బయటపడింది. కానీ వాళ్లు కర్మాగారంలో ఫ్లోరైడ్ దుమ్ము పీల్చినవాళ్లు. ఏ కర్మాగారమూ లేని పల్లెల్లో, కేవలం ఊరబావి నీళ్లు తాగినందుకే మనుషుల అస్థిపంజరం బిగుసుకుపోవడాన్ని నమోదు చేసిన తొలి నివేదికల్లో నెల్లూరు జిల్లాదే ముందు నిలుస్తుంది. ఆ తర్వాతే చైనాలోనూ, ఇంకెన్నో దేశాల్లోనూ ఇలాంటి పల్లెలు ఉన్నాయని తెలిసింది.

ఆ పరిశోధన అక్కడితో ఆగలేదు. కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కే చెందిన సి.జి. పండిట్ బృందం 1940లో మరో అధ్యయనాన్ని ప్రచురించింది. తర్వాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ అయింది ఈ పండిట్ గారే. ఒకేరకం నీళ్లు తాగుతున్నా అందరికీ జబ్బు ఒకే తీవ్రతలో ఎందుకు రావడంలేదు? ఇదీ ఆయన బృందం వేసుకున్న ప్రశ్న. జవాబు కంచంలో దొరికింది. తిండి సరిగా లేని కుటుంబాల్లో ఎముకల జబ్బు ఎక్కువ తీవ్రంగా ఉంది. అంటే నీళ్లు నిప్పు పెడితే, పేదరికం గాలి విసిరిందన్నమాట.

కట్టేవాళ్లు, కూల్చేవాళ్లు

ఈ జబ్బు అర్థం కావాలంటే ముందు ఎముక ఎలా తయారవుతుందో తెలియాలి.

తల్లి కడుపులో బిడ్డకు మొదట వచ్చేది ఎముక కాదు. కాలూ చెయ్యీ వెన్నూ అన్నీ ముందు మృదులాస్థితో తయారవుతాయి. చెవి డిప్పను వంచి చూడండి... మెత్తగా వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుందే, అలాంటి పదార్థం అది. ఇల్లు కట్టేముందు చెక్కలతో సెంట్రింగ్ కొట్టినట్టుగా, మృదులాస్థి ముందు ఆకారాన్ని సిద్ధం చేస్తుంది. తర్వాత అందులోకి రక్తనాళాలు చొచ్చుకొస్తాయి. మృదులాస్థి కరిగిపోతూ ఉంటే దాని చోట ఎముక కట్టడం మొదలవుతుంది.

పుట్టాక కూడా ఈ పని పూర్తికాదు. పిల్లల కాళ్లూ చేతుల ఎముకల చివర్లలో పలుచని మృదులాస్థి పలక ఒకటి మిగిలి ఉంటుంది. పిల్లలు పొడుగెదిగేది దీనివల్లే. పలకలోని కణాలు వరుసలు కట్టి పెరుగుతాయి, ఉబ్బుతాయి, సున్నం పట్టి ఎముకకు దారిస్తాయి. యవ్వనం వచ్చి ఎదుగుదల ఆగేసరికి ఆ పలక కాస్తా ఎముకైపోతుంది. అప్పటివరకూ అదే పిల్లల ఎత్తుకీ, కాళ్ల తీరుకీ ఆధారం.

పెద్దయ్యాక ఎముక స్థిరపడిపోతుందా? అదీ లేదు. పాత ఎముకను తొలిచే కణాలు కొన్ని, కొత్త ఎముకను పోసే కణాలు కొన్ని నిరంతరం పనిచేస్తూనే ఉంటాయి. ఓ పక్క పాతగోడ కొట్టే కూలీలు, ఇంకో పక్క కొత్తగోడ కట్టే మేస్త్రీలు ఉన్నట్టు. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు పదోవంతు ఇలా కొత్తగా మారిపోతుందని అంచనా. ఇక్కడే ఫ్లోరైడ్‌కు సందు దొరుకుతుంది. ఎముకకు గట్టిదనం ఇచ్చేది కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికాలు. వాటిలో ఓ చిన్న చోటును ఫ్లోరైడ్ ఆక్రమిస్తుంది. ఒకసారి కూర్చుంటే సులువుగా లేవదు. ఒంట్లో ఉండే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకలూ పళ్లలోనే ఉండేది అందుకే. ఒంటికి పట్టిన ఫ్లోరైడ్‌లో పెద్దవాళ్లు సగం దాకా మూత్రంలో బయటికి పంపేయగలరు. ఎదిగే పసిపిల్లల ఎముకలు మాత్రం 80 శాతం దాకా పట్టి ఉంచుకుంటాయి. వాళ్లలో కట్టుబడి జోరుగా సాగుతోంది కదా!

పన్నుకీ ఎముకకీ తేడా ఇదే. పంటి పైపూత చిన్నతనంలో ఒకేసారి తయారవుతుంది. ఆ ఏళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగితే తెల్లమచ్చలు, పచ్చగార, గోధుమరంగు చారలు వస్తాయి. అవి ఇక పోవు. పెద్దయ్యాక ఆ ఊరు వచ్చినవాళ్లకు పళ్లు గారపట్టవు. కానీ ఎముక అలా కాదు. ఏ వయసులో ఆ నీళ్లు తాగినా, ఆ వయసు నుంచే లెక్క రాయడం మొదలెడుతుంది. పళ్లు తెల్లగా ఉన్నాయి కాబట్టి మనకేం కాలేదనుకోవడం తప్పే!

ఎక్కువైతే బలమా?

ఫ్లోరైడ్ సోకిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. కట్టే కణాల్ని ఫ్లోరైడ్ ఉసిగొల్పుతుంది కాబట్టి ఎముక పెరుగుతుంది. మరి పెరగడం మంచిదేగా?

పాశ్చాత్య వైద్యులకూ సరిగ్గా ఇదే సందేహం వచ్చింది. వయసు పైబడిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారుతుంటాయి. వాళ్లకు ఫ్లోరైడ్‌నే మందుగా ఇస్తే ఎముక దట్టమవుతుందిగా అనుకున్నారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ రిగ్స్ బృందం ఎముకలు గుల్లబారిన 202 మంది మహిళలపై నాలుగేళ్లపాటు పరీక్ష జరిపింది. సగంమందికి ఫ్లోరైడ్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర. 1990లో ఫలితాలు వచ్చాయి. ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్ల నడుం ఎముకల సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ వెన్ను కాకుండా మిగతాచోట్ల ఎముకలు విరగడం తగ్గకపోగా, బాగా ఎక్కువైంది! దట్టంగా ఉన్నంత మాత్రాన ఎముక గట్టిదని కాదు. సిమెంటు ఎక్కువ పోసి, ఊచ సరిగ్గా కట్టకపోతే స్లాబు ఏమవుతుందో ఇదీ అంతే. పొదిలి బావులు ఎప్పుడో చెప్పిన సంగతినే పెద్ద ఆసుపత్రి కోట్లు ఖర్చుపెట్టి మరోలా నేర్చుకుంది.

ఎముక కాకూడనిచోట ఎముక

ఇంకో చిక్కు ఉంది. ఈ జబ్బులో ఎముక తన హద్దులో తాను ఉండదు. కీళ్లను కట్టి ఉంచే నారలాంటి బంధనాలు, కండరాలు ఎముకను అంటుకునే చోట్లు, ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర... ఇవన్నీ గట్టిపడి ఎముకలా మారిపోతాయి. ముంజేతి ఎక్స్‌రేలో ఆ పొర ఎముకైనట్టు కనిపిస్తే చాలు, అది ఫ్లోరోసిస్ అని వైద్యులు దాదాపు నిర్ధరణకు వచ్చేస్తారు. నడుం వంగకపోవడానికీ, చెయ్యి చాపలేకపోవడానికీ కారణం ఇదే.

మెత్తని కణజాలాన్ని 'నువ్విక ఎముకగా మారు' అని ఆదేశించేది ఎవరు? అస్థిశాస్త్రంలో ఇదో పెద్ద ప్రశ్న. జవాబు వెతికినవాళ్లలో భారతీయ శాస్త్రవేత్త ఎ. హరి రెడ్డి పేరు ముందువరుసలో ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్లిన ఆయన, షికాగోలో నోబెల్ గ్రహీత చార్లెస్ హగిన్స్ దగ్గర పనిచేశారు. ఎముకలోని సున్నాన్ని ఆమ్లంతో తీసేసి, మిగిలినదాన్ని జంతువుల కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని మార్షల్ యూరిస్ట్ 1965లోనే చూపించారు. ఆ పుట్టుక ఏ వరుసలో జరుగుతుందో హగిన్స్, రెడ్డి రోజులవారీగా విడమరిచారు. వారం తిరిగేసరికి మృదులాస్థి, ఆ తర్వాత ఎముక, మూడువారాలకు అందులో మజ్జ! తల్లి కడుపులో జరిగే క్రమమే ఎలుక చర్మం కింద మళ్లీ జరిగింది. 1981లో సంపత్‌తో కలిసి రెడ్డి అలా సున్నం తీసిన ఎముక పొడి నుంచి ప్రొటీన్లను విడదీసి చూశారు. ప్రొటీన్లు తీసేస్తే మిగిలిన పొడి ఏమీ చేయలేదు. తిరిగి కలిపితే మళ్లీ ఎముక పుట్టింది. ఎముకను పుట్టించే ఆదేశాలు ఆ ప్రొటీన్లలోనే ఉన్నాయని అలా తేలింది. వాటిలో ఒకదాన్ని వెన్నెముక శస్త్రచికిత్సల్లో వాడేందుకు 2002లో అమెరికా అనుమతించింది.

ఇదంతా పొదిలి రైతుకెందుకు అంటే... సరైన చోట సరైన ఆదేశం వస్తేనే ఎముక వరం. కాకూడనిచోట పుట్టిన ఎముక మనిషిని ఒళ్లంతా సంకెళ్లు వేసి కూర్చోబెడుతుంది. అలా పుట్టిన ఎముకను కరిగించే మందు ఇప్పటికీ లేదు. ఎముక పెరిగి వెన్నుపామును నొక్కేస్తున్నప్పుడు ఆపరేషన్‌తో ఆ ఒత్తిడి తగ్గించొచ్చు. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ జబ్బు నరాలపై చూపే ప్రభావాన్ని ఏళ్లతరబడి పరిశీలించి, 2009లో 'న్యూరాలజీ ఇండియా' పత్రికలో సమగ్రంగా రాశారు. అయితే ఆపరేషన్ అందరికీ కుదిరేది కాదు, పోయిన శక్తంతా తిరిగొస్తుందన్న భరోసా కూడా లేదు.

మోకాళ్లు చెప్పిన కొత్త సంగతి

పెద్దవాళ్ల సంగతి ఇలా ఉంటే, 1970ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లోని ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మరో రూపం బయటపడింది. ఈసారి పిల్లల్లో. పదేళ్లు దాటిన మగపిల్లల మోకాళ్లు లోపలికి వంగి, నడిస్తే ఒకదానికొకటి రాసుకునేవి. పాదాలు మాత్రం దూరందూరంగా పడేవి. వైద్యభాషలో దీన్ని 'జెనూ వాల్గం' అంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు డాక్టర్ కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, డాక్టర్ కమలా కృష్ణస్వామి దీన్ని పరిశీలించి 1973లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు.

వాళ్లు చూసిన దృశ్యం విచిత్రం. అదే పిల్లాడి వెన్నెముక దట్టమైంది, కాళ్ల ఎముకలు మాత్రం గుల్లబారాయి! ఒకే విషం ఒకే ఒంట్లో రెండు పనులు ఎలా చేసింది? ఎదిగే వయసులో ఎముకకు కాల్షియం చాలా కావాలి. తిండిలో అది చాలకపోతే, ఫ్లోరైడ్ పోయించే ఎముకకు సరకు ఎక్కణ్నుంచి వస్తుంది? కాళ్ల ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఒంటి బరువంతా మోసేది ఆ కాళ్లే. వంగిపోక ఏంచేస్తాయి?

అన్నం తినేవాళ్లకంటే జొన్న తినేవాళ్లలో ఈ వంకర ఎక్కువగా ఉండటాన్నీ ఆ సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. ఆ ప్రాంతాల జొన్నలో మాలిబ్డినం అనే మూలకం ఎక్కువగా ఉంటే, అది ఒంట్లోని రాగిని బయటికి పంపేస్తుంది. ఎముకలోని నారపోగుల్ని ఒకదానితో ఒకటి ముడివేయడానికి రాగి కావాలి. నాగార్జునసాగర్ వచ్చాక చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పెరిగి, నేల గుణం మారి, గింజలోకి మాలిబ్డినం ఎక్కువగా చేరి ఉండొచ్చని అప్పట్లో ఓ ఊహ కూడా చేశారు. అది ఊహే, తీర్పు కాదు. జొన్న చెడ్డదనీ కాదు. నేల, నీరు, గింజ, ఎముక... ఈ నాలుగింటికీ మధ్య ఉన్న లంకె ఎంత దగ్గరిదో చెప్పడానికి ఇదో ఉదాహరణ.

మిరప చేలో లెక్క మారుతుంది

ఇంతకీ నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎలా వచ్చింది? ఎవరూ కలపలేదు. పడమటి మెట్ట అడుగున ఉన్నది కోట్ల ఏళ్లనాటి గట్టిరాయి. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వానలు తక్కువ. ఇంకిన కాస్త నీరూ రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలవుంటుంది. క్షారగుణం ఎక్కువై, కాల్షియం తక్కువైన నీటిలో ఫ్లోరైడ్ ఇంకా బాగా కరుగుతుంది. ప్రకాశంలోనే కాదు, పల్నాడులో వినుకొండ, బొల్లాపల్లి వైపూ ఇదే బాధ. చాలాచోట్ల బోరు లోతుకు వెళ్లేకొద్దీ పాతనీరు తగులుతుంది. పాతనీరంటే రాయితో ఎక్కువకాలం కాపురం చేసిన నీరు.

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఫ్లోరైడ్ ఉండాలనీ, వేరే దారిలేకపోతే 1.5 వరకూ సరిపెట్టుకోవచ్చనీ మన దేశ ప్రమాణం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దూ 1.5. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. నీడపట్టున కూర్చుని పనిచేసేవాళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే 1.5 చొప్పున ఒంట్లోకి వెళ్లేది 3 మిల్లీగ్రాములు. మిరపకాయ కోతకో, పత్తి తీతకో వెళ్లిన కూలీ మనిషి పొద్దస్తమానం ఎండలో వంగి పనిచేస్తూ అయిదు లీటర్లు తాగితే? అవే నీళ్లు, 7.5 మిల్లీగ్రాములు! నీళ్లు ఒకటే, చెమట వేరు. గుంటూరు మిర్చికీ, పత్తికీ పేరు తెచ్చిన శ్రమే ఆ శ్రమజీవి ఎముకల మీద భారం పెంచుతోంది. నడుం వంగితేనే కూలి దొరికే బతుకుల్లో నడుమే వంగకపోతే ఇంకేముంది!

వంటింట్లో ఏంచేయొచ్చు?

ముందుగా ఓ అపోహ. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు. పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. కుండలో తేరబెట్టినా, గుడ్డలో వడగట్టినా లాభంలేదు.

రెండోది... తాగడానికి శుద్ధిచేసిన నీళ్లు కొనుక్కుంటూ, వంటకు మాత్రం బోరునీళ్లే వాడటం. అన్నం, పప్పు, పులుసు అన్నీ నీళ్లు పీల్చుకునేవే. తాగేనీళ్లతో రాని ఫ్లోరైడ్ కంచంలోంచి వస్తుంది. అందుకే వంటకూ మంచినీళ్లే వాడాలి. చిక్కటి టీలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పిల్లలకు అలవాటు చేయకపోవడం మేలు.

మూడోది తిండి. 1940లో పండిట్ బృందం గమనించిన సంగతి ఇప్పటికీ నిజమే. పాలు, పెరుగు, రాగులు, మునగాకు, తోటకూర, నువ్వులు... వీటిలోని కాల్షియం పేగులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టేసి ఒంటికి పట్టకుండా చేస్తుంది. ఉసిరి, నిమ్మ, జామల్లోని సి విటమిన్ ఎముక నారపోగులకు అవసరం. గర్భిణులూ, ఎదిగే పిల్లలూ ఉన్న ఇంట్లో వీటికి ప్రత్యేక శ్రద్ధ కావాలి. తల్లి రక్తంలోని ఫ్లోరైడ్ మాయను దాటి బిడ్డకూ చేరుతుంది మరి.

మన చింతపండుకూ ఇందులో చోటు దొరికింది. జాతీయ పోషకాహార సంస్థలోని అర్జున్ ఖండారే బృందం బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంతోపాటు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూసింది. మూత్రం ద్వారా ఫ్లోరైడ్ బయటికి వెళ్లడం పెరిగిందని 2002లో ప్రచురించింది. అలాగని పులుసు తాగుతూ బోరునీళ్లు మానకపోతే ప్రయోజనం ఉండదు. చింతపండు సాయం చేస్తుందంతే. అసలు వైద్యం మంచినీళ్లే.

ఇంట్లోనే మూడు పరీక్షలు

జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం 2008-09లో మొదలైంది. తొలివిడతకు దేశంలో ఎంపికైన కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. గ్రామాల్లో అనుమానిత కేసుల్ని గుర్తించడానికి వాడే తేలిక పరీక్షలివి:

నాణెం పరీక్ష: నేలమీద రూపాయి బిళ్ల వేసి, మోకాళ్లు మడవకుండా వంగి తీయమనాలి. తీయలేకపోతే నడుం బిగుసుకుంటున్నట్టు.

గడ్డం పరీక్ష: గడ్డాన్ని ఛాతీకి ఆనించమనాలి. ఆనకపోతే మెడలో ఇబ్బంది ఉన్నట్టు.

చేతుల పరీక్ష: రెండు చేతులూ పక్కలకు చాపి, మోచేతులు మడిచి తలవెనక పెట్టుకోమనాలి. కుదరకపోతే భుజాల్లో, మోచేతుల్లో బిగువు ఉన్నట్టు.

వీటిలో ఇబ్బంది కనిపించినంత మాత్రాన ఫ్లోరోసిస్ అని తేల్చేయకూడదు. వేరే కీళ్లజబ్బులూ ఇలాగే ఉంటాయి. తాగేనీటినీ, మూత్రాన్నీ పరీక్ష చేయించి, ఎక్స్‌రే తీయించి వైద్యులే చెప్పాలి. పిల్లల విషయంలో మాత్రం ఇక్కడిదాకా ఆగక్కర్లేదు. ముందుపళ్ల మీద అడ్డంగా తెల్లని లేదా గోధుమరంగు చారలు కనిపిస్తే, ఆ ఇంటి నీళ్లను వెంటనే పరీక్ష చేయించాలి. పంటిమీద గీత... ఎముక పంపే తొలి ఉత్తరం!

ఒకే మందు... నీళ్లు

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970లలో ఓ పద్ధతి రూపొందించింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ తగుపాళ్లలో కలిపి తేరబెడితే ఫ్లోరైడ్ మడ్డితోపాటు అడుక్కి చేరుతుంది. మన నల్గొండ పేరుతోనే దాన్ని 'నల్గొండ టెక్నిక్' అని ప్రపంచమంతా పిలుస్తోంది. ఆఫ్రికా పల్లెల్లోనూ వాడారు. కానీ పాళ్లు రోజూ సరిగ్గా కలపాలి, మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. చూసే మనిషి లేకపోతే యంత్రం తుప్పుపడుతుంది. తర్వాత ఊరూరా వచ్చిన ఆర్వో ప్లాంట్ల కథా అంతే. జల్లెడ మార్చినన్నాళ్లే మంచినీళ్లు.

అందుకే దూరం నుంచైనా నదినీళ్లు తేవడమే శాశ్వత పరిష్కారమని నిపుణులు మొదట్నుంచీ చెబుతున్నారు. నదినీటిలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. సాగర్ కుడికాలువ నీటితో వేసవి చెరువులు నింపి, శుద్ధిచేసి పైపుల్లో పంపిన ఊళ్లకు కొంత ఊరట దొరికింది. కాలువ అందని పడమటి మండలాల ఆశ వెలిగొండ మీద. శ్రీశైలం జలాశయంలోని కృష్ణానీటిని కొండల్లోంచి రెండు సొరంగాల్లో తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో ముగిశాయి. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇవ్వాలన్నది లక్ష్యం. శంకుస్థాపన నాడు ఉయ్యాలలో ఉన్న పిల్లల ఎముకల్లో మృదులాస్థి పలకలు, సొరంగాల తవ్వకం పూర్తయ్యేనాటికి ఎప్పుడో మూసుకుపోయాయి. వాళ్లకు ఎదిగే వయసు మళ్లీ రాదు.

తొంభై ఏళ్ల పరిశోధన చివరికి చెప్పిన మాట ఇదే. ఎదిగే ఎముక ఏ ప్రణాళిక కోసమూ ఆగదు. ఈరోజు గ్లాసులో ఏముంటే దాంతోనే కట్టుకుపోతుంది. ముడిపడిన వెన్నును విప్పే మందు లేదుగానీ, అసలు ముడే పడకుండా చూసే ఉపాయం 1937 నుంచీ మనకు తెలుసు. మంచినీళ్లు ఒక ఏడాది ముందు అందిన ప్రతి ఊళ్లో ఓ ఏడాది పిల్లలు వంకర లేని కాళ్లతో ఎదుగుతారు. ఆ లెక్క కూడా ఎముకే రాసుకుంటుంది.